బ్యాగు దించని పిల్ల

మా చెల్లెలి కోడలు ఈ మధ్య సరూర్‌నగర్ చెరువు దగ్గర ఒక చిన్న బడిలో ఆయాగా చేరింది. మొదటి రోజు సాయంత్రం మా ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గడపలోనే కూలబడింది. "అత్తమ్మా, పొద్దుగాల్నుంచి ఒక్కతీరుగ ఏడ్సిండ్రు. నా కొంగు సూడు, ఎట్ల గుంజిండ్రో. గిదేం నౌకరి?" అంది. నేను నవ్వి చాయ్ పెట్టిచ్చాను. ఆ రోజు దానికి చెప్పినవీ, చెప్పడం మరిచిపోయినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి. చర్చిలో పాటల పుస్తకం చదవగలిగితే చాలని మా నాయన అక్కడితో బడి మాన్పించాడు. రాత వంకరగా వస్తుంది గానీ, జరిగినవి మాత్రం బాగానే గుర్తున్నాయి.

నేను ఆయాగా పనిచేసిన మా బడి కొత్తపేట పండ్ల మార్కెట్ వెనక గల్లీలో, కిరాయికి తీసుకున్న రెండంతస్తుల ఇల్లు. నర్సరీ, ఎల్కేజీ, యూకేజీ, అంతే. ఇప్పుడు ఆ మార్కెట్ బాటసింగారం పోయింది కానీ, అప్పట్లో లారీలు మా గల్లీ మొదట్లోనే తిరిగేవి. జూన్‌లో బడి తెరిచేసరికి మామిడికాయల కాలం చివరికొచ్చేది. మురిగిన మామిడిపండ్ల వాసనా, కొత్త బ్యాగుల వాసనా కలిసి ముక్కుకు తగిలితే, ఏడుపుల రోజులొచ్చాయని నాకు తెలిసిపోయేది.

మన పని ఏమిటంటే

టీచర్లు పాఠం చెబుతారు. మిగతాదంతా మనం చేస్తాం. ముక్కు తుడవడం, నిక్కరు మార్చడం, డబ్బా మూత తీయడం, నిద్రపోయిన పిల్ల తలకింద ఏదైనా మడిచి పెట్టడం. వీటికి ఎవరూ మెచ్చుకోరు, మెచ్చుకోవాలని కూర్చోకు. కానీ ఒకటి చూసుకో. కొత్తగా వచ్చిన పిల్ల బడిలో మొదట నమ్మేది టీచరును కాదు. తనను పాసుకు తీసుకెళ్లిన మనిషిని నమ్ముతుంది. ఆ నమ్మకం ఒకసారి పోతే మళ్లీ రావడానికి చాలా కాలం పడుతుంది. అందుకే తడుపుకున్న పిల్లను నలుగురిలో "అయ్యో, మళ్లీనా?" అని ఎప్పుడూ అనకు. నాతో పనిచేసిన ఒకామె అలా అనేది. చెడ్డ మనిషి కాదు, నోరు ఊరుకోదు అంతే. ఆమె చేతికి పిల్లలు వెళ్లేవాళ్లు కాదు.

ఇంట్లో నేర్పేవి, నేర్పనివి

తల్లులు బడికి పంపే ముందు పిల్లకు ఏబీసీడీలు నేర్పుతారు, ఇంగ్లీషు పాటలు నేర్పుతారు, ముఖ్యమంత్రి పేరు నేర్పుతారు. డబ్బా మూత తీయడం మాత్రం నేర్పరు.

ఒక పిల్లవాడు ఉండేవాడు. రాజధానుల పేర్లు గడగడా చెప్పేవాడు. మొదటి రోజు తినే వేళకు డబ్బా ముందు పెట్టుకుని చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తినవేం బిడ్డా అంటే, "ఇంకా అమ్మ ఓపెన్ చెయ్యలేదు" అన్నాడు. ఆ మూత తానే తీయొచ్చని ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు. తల్లిని పిలిచి చెబితే, ఆమె చాలా గట్టి మూత ఉన్న ఇంకో డబ్బా కొనిచ్చింది, పప్పు కారకూడదని.

ఎవరైనా నన్ను అడిగితే ఇదే చెప్పేదాన్ని. చెప్పులు తొడుక్కోవడం, నిక్కరు కిందికి లాక్కోవడం, ముద్ద నోట్లో పెట్టుకోవడం, తెలియని మనిషితో "పాసుకు పోవాలి" అనడం. ఈ మాత్రం వస్తే ఆ పిల్ల బడికి తయారైనట్టే. అక్షరాలు నేర్పడానికి బడి ఉంది కదా.

మేడం గురించి

బడి నడిపే మా మేడం గట్టి మనిషి. గేటు దాటి తల్లిదండ్రులు లోపలికి రాకూడదనేది. ఆ మాట మంచిదే. ఒకరి అమ్మ లోపల కనబడితే మిగిలిన పిల్లలందరికీ అమ్మలు గుర్తొస్తారు. కానీ మొదట్లో ఇంకోటి కూడా చెప్పేది: "పిల్ల ఆటలో పడగానే చెప్పకుండా వెళ్లిపోండి." తల్లులు గేటు దగ్గర్నుంచి అలాగే మెల్లగా జారుకునేవాళ్లు. కొన్నాళ్లకు చూస్తే పిల్లలు బొమ్మలు ముట్టుకోవడం మానేశారు. ఆటలో పడితే అమ్మ మాయమవుతుందని వాళ్లకు అర్థమైపోయింది. బొమ్మ చేతికిస్తే వెనక్కి తోసి, తల్లి వైపే చూస్తూ నిలబడేవాళ్లు. మేడమే అది గమనించి, "పోయొస్తానని చెప్పే వెళ్లండి, ఏడిస్తే ఏడవనీయండి" అని మాట మార్చుకుంది. తన మాట తానే మార్చుకునే పెద్దవాళ్ల దగ్గర పనిచేయడం తేలిక. అలాంటి బడి దొరికితే వదలకు.

ఏడవని పిల్ల

గట్టిగా ఏడ్చే పిల్ల గురించి బెంగ వద్దు. ఆ పిల్ల లోపల ఉన్నదంతా బయటికి వచ్చేస్తుంది, వారం తిరిగేసరికి పక్కదాని రబ్బరు లాక్కుంటుంది. చూడాల్సింది బ్యాగు దించని పిల్లను. వచ్చి కూర్చుంటుంది, చెప్పింది చేస్తుంది, వీపు మీద బ్యాగు మాత్రం దించదు. అంటే ఏ నిమిషాన్నైనా లేచి పోవడానికి సిద్ధంగా ఉన్నట్టు.

లాస్య అలా వచ్చింది.

తెలంగాణ ఉద్యమం గట్టిగా నడుస్తున్న రోజులవి. ఒకరోజు బంద్, మరో రోజు రాస్తారోకో, ఇంకో రోజు చౌరస్తాలో వంటావార్పు. అంటే రోడ్డు మీదే పొయ్యి పెట్టి, వండుకుని, అక్కడే కూర్చుని తినడం. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో విజయవాడ బస్సులు ఆగితే కొత్తపేట దాకా రోడ్డు నిండిపోయేది. బంద్ అంటే బడికి సెలవు. మాకు మాత్రం ప్రతి బంద్ తర్వాతా మళ్లీ మొదటి రోజే. కష్టపడి అలవాటు చేసిన పిల్ల రెండు రోజులు అమ్మ దగ్గర ఉండి వస్తే, గేటు దగ్గర మళ్లీ అదే రాగం.

మా బడి పిల్లల్లో సగం మంది కోస్తా జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఇళ్లవాళ్లు. నా కొడుకేమో ఊరేగింపుల్లో జెండా పట్టుకుని తిరిగేవాడు. గేటు దగ్గర పెద్దవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం కొంచెం తగ్గింది. మా గల్లీలో అంతకుమించి ఏమీ జరగలేదు.

లాస్య వాళ్లది గుంటూరు వైపు. తండ్రి మందుల కంపెనీ పని మీద ఊళ్లు తిరిగేవాడు. తల్లి సునీత నర్సు. పిల్ల పుట్టినప్పుడు ఉద్యోగం మానేసింది. మళ్లీ ఇప్పుడు ఎల్‌బీ నగర్‌లో ఒక ఆస్పత్రిలో పొద్దుటి డ్యూటీ దొరికింది, వచ్చే నెల మొదట్లో చేరాలి. ఇంట్లో ఆమె అత్తగారు సీతారావమ్మ గారు ఉన్నారు. ఆమెకు మోకాళ్ల నొప్పులు. మధ్యాహ్నం నుంచి పిల్లను చూసుకోగలరు, రోజంతా వెంట పరుగెత్తలేరు. కాబట్టి లాస్య పొద్దున పూట బడిలో కుదురుకుంటేనే సునీతకు ఉద్యోగం. లేకపోతే అది ఇంకొకరికి పోతుంది. చేర్పించిన రోజే ఈ సంగతంతా నాకు చెప్పింది.

ఆ రోజు సీతారావమ్మ గారు కూడా వచ్చారు. "మా పిల్లకి అన్నం దగ్గర పేచీ లేదమ్మా. ముద్ద పెట్టానంటే మింగేస్తుంది, అంతే. ఈ వీధిలో అలా తినే పిల్లని చూపించు!" అని గర్వంగా చెప్పారు. పిల్ల బొద్దుగా, ముచ్చటగా ఉంది. ఏడవలేదు. మేడం సంతోషించింది. నేను బ్యాగు వైపు చూశాను.

మా గల్లీ పక్కన ఒక కాలేజీ ఉండేది. అక్కడి నుంచి విద్యార్థులు ఊరేగింపు తీస్తారని ఇద్దరు కానిస్టేబుళ్లను కాపలా పెట్టారు. ఎండకు తాళలేక వాళ్లు మా బడి గోడ నీడలో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్లు. నర్సరీ గది కిటికీ లోంచి వాళ్ల టోపీలు కనబడేవి.

తినే వేళకు లాస్య డబ్బా మూత తానే తీసింది. బుగ్గలు పట్టనంతగా నోట్లో కుక్కుకుంటోంది. నమలడం లేదు, చూపంతా కిటికీ మీదే. ఇంతలో లారీ ఏదో అడ్డం వచ్చిందని బయట కానిస్టేబుల్ విజిల్ ఊదాడు. ఈ పిల్ల ఉలిక్కిపడి నోట్లో ఉన్నదంతా ఒక్కసారే మింగబోయింది. పొలమారింది. కళ్లు తేలేసింది. నేను వీపు చరిచి, నీళ్లు పట్టాను. ఊపిరి తిరగ్గానే నా చేతుల్లోంచి జారి కిటికీ దగ్గరికి పరుగెత్తి, నోరు బార్లా తెరిచి, "తినేశాను! మొత్తం తినేశాను!" అంది.

బయట ఆ కానిస్టేబుల్ అటు తిరిగి ఫోను చూసుకుంటున్నాడు.

"ఎవరికి సూపెడ్తున్నవ్ బిడ్డా?"

"పోలీసుకి. తినకపోతే పట్టుకుపోతాడు."

"ఎవరు చెప్పిండ్రు?"

"నానమ్మ."

మేం చేసిన ప్రయత్నాలు

పోలీసులు మంచోళ్లని చెప్పాను. తల ఊపింది, నమ్మలేదు. కిటికీకి పండ్ల బొమ్మల చార్టు అడ్డం కట్టాను. అది ఇంకా తప్పయింది. కిటికీ ఉన్నప్పుడు ఆయన ఎక్కడున్నాడో కనబడేది, ఇప్పుడు ఎటునుంచి వస్తాడో తెలియక తలుపు వైపు చూస్తూ కూర్చుంది. మర్నాడే చార్టు విప్పేశాను.

మేడం బయటికి వెళ్లి కుర్చీలు జరుపుకోమని అడిగింది. వాళ్లలో మల్లేశ్ అని నల్గొండ వైపు పిల్లవాడు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. "ఎక్కడ కూసోమంటరు మేడం? నీడ గీ ఒక్క గోడకే ఉన్నది," అన్నాడు. అయినా లేచి, కుర్చీలు ఇంకో పక్కకు జరుపుకున్నారు. ఆ పక్క గేటుకు సరిగ్గా ఎదురు. ఇక లాస్య గేటు దాటి లోపలికే రాలేదు.

మేడం ఆ తర్వాత ఇంకోటి ఆలోచించింది. మల్లేశ్‌ను గేటు దగ్గరికి పిలిచి, చేతిలో చాక్లెట్ పెట్టి, "పిల్లకు ఇవ్వు, భయం పోతుంది" అంది. పాపం అతను టోపీ తీసి చంకలో పెట్టుకుని, వంగి, నవ్వుతూ చాక్లెట్ చాపాడు. లాస్య నిలబడ్డ చోటే తడుపుకుంది. ఏడవనైనా ఏడవలేదు. నేను ఎత్తుకుని లోపలికి తీసుకెళుతుంటే వెనక మల్లేశ్ గొంతు వినబడింది. "నన్ను సూసి దొంగలు గూడ గింత భయపడరు మేడం."

నెలాఖరు దగ్గర పడుతోంది. సునీత సాయంత్రం గేటు దగ్గర నన్ను పక్కకు పిలిచింది. "ఆయమ్మా, మా అత్తయ్యకి నేను చెప్పలేను. నేను చెబితే ఉద్యోగం కోసం చెబుతున్నానంటారు. ఇంకో ఏడాది ఇంట్లోనే ఉంచుదాం అంటున్నారు ఆవిడ. మీరొకసారి వచ్చి మాట్లాడతారా?" అంది.

బాల్కనీలో

ఆదివారం ప్రార్థన అయ్యాక వెళ్లాను. సీతారావమ్మ గారు కాఫీ ఇచ్చి, బాల్కనీలో కుర్చీ వేశారు. అక్కడి నుంచి చౌరస్తా, పోలీసుల వ్యాను, విజయవాడ రోడ్డు అన్నీ కనబడుతున్నాయి. ఆమె పిల్లకు అన్నం తినిపించేది అక్కడే. పోలీసును ఊహించుకోవాల్సిన పని లేదు, వేలు చూపిస్తే చాలు.

ఉన్న సంగతి చెప్పాను. ఆమెకు కోపం వచ్చింది.

"నా కొడుక్కి బూచాడని చెప్పి తినిపించాను. వాడికేం, బాగానే ఉన్నాడుగా?"

"బూచోడు ఎన్నడు కనవడడు పెద్దమ్మా. గీ పోలీసాయన పొద్దుగాల్నే గేటు కాడ కూసుంటడు."

ఆమె కింద ఉన్న పోలీసుల వ్యాను వైపు చూశారు. తర్వాత గొంతు తగ్గించి అన్నారు. "నీకేం తెలుసమ్మా! మీవాళ్లంతా కింద జెండాలు పట్టుకుని అరుచుకుంటూ పోతుంటే నా గుండె దడదడలాడుతుంది. మా అబ్బాయి ఊళ్లో ఉండడు. ఆ పోలీసులు ఉన్నారన్న ధైర్యంతోనే ఈ ఇంట్లో ఉంటున్నాను."

"నా కొడుకు గూడ గా జెండల గుంపులనే ఉంటడు పెద్దమ్మా. మీ ఇంటి దిక్కు సూసిండా ఎన్నడన్న?"

"లేదులే," అన్నారామె. "కానీ చూడరని ఏముంది?"

నాకు అప్పుడు విచిత్రంగా అనిపించింది. ఈమెకు ధైర్యమిచ్చే మనిషినే చూపించి ఈమె ఆ పిల్లను బెదిరిస్తోంది.

"మీరే చెప్పుండ్రి. నేను ఉత్తగనే అన్న, పోలీసు పట్కపోడు అని. మీ మాటైతే ఇంటది," అన్నాను.

"అబద్ధం చెప్పానని దానితో చెప్పాలా?" ఆమె ముఖం మారిపోయింది. "ఈ ఇంట్లో నా మాట వినేది అదొక్కతే. అబద్ధమని తెలిశాక రేపు ఏం చెబితే వింటుంది? చెప్పను. నువ్వు కాఫీ తాగు, చల్లారిపోతోంది."

తాగి వచ్చేశాను. పని కాలేదని సునీతకు చెప్పాను. ఆమె ఆస్పత్రికి ఫోను చేసి ఇంకెవరినైనా చూసుకోమని చెప్పాలేమో అనుకుంటున్నానంది.

ముద్ద

తర్వాత రెండు రోజులు బంద్. బడి తెరిచిన రోజు పొద్దున గేటు ముందు ఆటో ఆగింది. సునీత కాదు, సీతారావమ్మ గారు దిగారు. ఒక చేత్తో మోకాలు పట్టుకుని, ఇంకో చేతిలో స్టీలు క్యారియర్. లాస్య ఆమె కొంగులో ముఖం దాచుకుని ఉంది. ఆమె గేటు వైపు రాకుండా తిన్నగా కుర్చీల దగ్గరికి నడిచారు.

మల్లేశ్ కంగారుగా లేచి నిలబడ్డాడు.

"ఏం నాయనా, టిఫిన్ తిన్నావా?"

"యాడ తినుడమ్మా! పొద్దు పొడవక ముందే డ్యూటీకి వచ్చినం. తిండి బండి ఇంక రాలె."

"కూర్చో." ఆమె క్యారియర్ గిన్నె తెరిచారు. ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ కలిపిన అన్నం. ఆ వాసన గేటు దాకా వచ్చింది. మల్లేశ్ రెండో కానిస్టేబుల్ వైపు చూశాడు, అతను పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. "మొన్న వంటావార్పు కాడ వాళ్లు పెట్టిండ్రు, ఇయ్యాల మీరు పెడ్తున్నరు," అంటూ మల్లేశ్ సీసా నీళ్లతో చెయ్యి కడుక్కుని గిన్నె అందుకున్నాడు.

నాలుగు ముద్దలు తిని, చాలమ్మా అన్నాడు. సీతారావమ్మ గారు వేలు చూపించి, పిల్లలను బెదిరించే పెద్దవాళ్ల దగ్గర నేను చాలాసార్లు విన్న గొంతుతో అన్నారు.

"మొత్తం తిను! తినకపోతే మా లాస్యకి పట్టిస్తాను నిన్ను. అదుగో చూస్తోంది, నిన్ను పట్టుకుపోతుంది."

కొంగులోంచి ఒక కన్ను బయటికొచ్చింది.

మల్లేశ్‌కు ఏం తోచిందో గానీ, గిన్నె ఖాళీ చేసి, కుర్చీలోంచి కిందికి దిగి, నేల మీద గొంతుక్కూర్చుని నోరు బార్లా తెరిచాడు. "తిన్ననమ్మా, అంత తిన్న. సూడు. నన్నైతె పట్కపోకు."

లాస్య కొంగు వదలకుండానే ఒక అడుగు ముందుకు వేసింది. నోట్లోకి పరీక్షగా చూసింది, అటు బుగ్గ, ఇటు బుగ్గ.

"సరే," అంది.

గేటు దగ్గర నిలబడి మేడం ఇదంతా చూసింది. సీతారావమ్మ గారు నా పక్కనుంచి ఆటో దగ్గరికి పోతూ, "మంచి పిల్లాడు, పాపం బక్కగా ఉన్నాడు," అని మాత్రం అన్నారు. తాను చెప్పింది అబద్ధమని ఆమె ఆ రోజూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. చెప్పించాలని నేనూ అడగలేదు. పెద్దవాళ్లను తప్పు ఒప్పుకోమని గోడకు నెట్టితే పిల్ల బడి మానేస్తుంది, అంతకన్నా ఏమీ జరగదు. వాళ్లకు తోచిన దారిలో వాళ్లు వెనక్కి వస్తే, మనం పక్కకు జరిగి నిలబడాలి.

అంతా ఒక్కరోజులో బాగుపడిందనుకోకు. కుర్చీలు మళ్లీ కిటికీ పక్క పాత నీడలోకే జరిగాయి, ఆ రోజు కూడా లాస్య తినేటప్పుడు అటే చూసింది. కానీ నమిలి తిన్నది. బ్యాగు దించింది ఆ వారం చివర్లో. ఎవరూ చెప్పలేదు. పక్కపిల్ల ఏదో చూపిస్తే వంగబోయింది, బ్యాగు అడ్డమొచ్చింది, విసుగ్గా తీసి గోడకు ఆనించింది. నేను చూడనట్టు నా చీపురు పని చేసుకున్నాను. సునీత నెల మొదట్లో ఉద్యోగంలో చేరింది. తెల్లచీర కట్టుకుని, గేటు దగ్గర "పోయొస్తా లాస్యా" అని చెప్పి, వెనక్కి చూడకుండా నడిచి వెళ్లింది.

సీతారావమ్మ గారి క్యారియర్ మాత్రం రోజూ వచ్చేది, ఎవరి డ్యూటీ అయితే వాళ్లకు. ఆమె మా గేటు దగ్గర నాతో కాసేపు మాట్లాడేవారు. నా కొడుకు పెళ్లి సంబంధాల గురించి అడిగేవారు.

తర్వాత ఒకరోజు కాలేజీ దగ్గర కాపలా ఎత్తేశారు. పొద్దున వచ్చి చూస్తే గోడ నీడలో కుర్చీలు లేవు. తినే వేళకు లాస్య అలవాటుగా కిటికీ దగ్గరికి వెళ్లి, చూసి, చాలాసేపు అక్కడే నిలబడింది. తర్వాత నా దగ్గరికి వచ్చి చీర పట్టుకుని, మెల్లగా అడిగింది.

"ఆయమ్మా, ఆయన్ని ఎవరు పట్టుకుపోయారు?"

నేను చేతిలో గ్లాసులు కింద పెట్టి కూర్చున్నాను.

"ఎవ్వరు పట్కపోలే బిడ్డా. ఆయన పని అయిపోయింది, ఇంటికి పోయిండు. ఆయనకు గూడ ఇంటికాడ నీ అసొంటి బిడ్డ ఉన్నదట."

"ఇంటికి వెళ్లనిచ్చారా?"

"పనైతే అందరు ఇంటికి పోతరు. గంట కొట్టంగనే నువ్వు పోవా?"

లాస్య వెళ్లి తన చోట కూర్చుని, డబ్బా మూత తీసుకుంది.